అడిగితే కాదనకూడదు

నవంబర్ 9, సోమవారం

ఇంకా ముప్ఫై రెండు రోజులు. డిసెంబర్ 11 శుక్రవారం విమానం ఎక్కానంటే ఈ దీవికీ నాకూ చెల్లు. పద్నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను. ఇక చాలు. సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది.

అన్నయ్య వాల్టర్ ఉత్తరం వచ్చింది. న్యూజీలాండ్‌లో తన ఇంటి వెనక గది నా కోసం ఖాళీ చేశాడట. కర్టెన్లు లేత గోధుమరంగువి కావాలా, ముదురు గోధుమరంగువి కావాలా అని అడిగాడు. "ప్రియమైన హిల్డా" అని మొదలుపెట్టాడు. ఎవరబ్బా ఈ హిల్డా అని ఒక్క క్షణం ఆలోచించాను. వీళ్ళ నోట హిల్డా కాస్తా ఇరిటా అయింది, ఆడవాళ్ళ పేరు ముందు మర్యాదకి నేయ్ తగిలిస్తారు. నేయ్ ఇరిటా, నేయ్ ఇరిటా అని వీళ్ళు పిలిచీ పిలిచీ నా పేరు నాకే కొత్తయిపోయింది.

బళ్ళో హెడ్మిస్ట్రెస్ నేయ్ టెరేసియా ఎదురుపడింది. ఆవిడ రాజధాని టరావాలో పైవాళ్ళకి ఒక్క ఉత్తరం ముక్క రాస్తే చాలు, నన్ను ఇంకో రెండేళ్ళు ఉంచేస్తారు. రాసేస్తుందేమోనని నా భయం. "ఉండిపోండి నేయ్ ఇరిటా" అని అడిగిందనుకో, ఏం చెప్పి తప్పించుకోవాలి? అడిగితే కాదనకూడదాయె ఈ దేశంలో.

వాన వచ్చేలా ఉందని చెప్పి వెళ్ళిపోయింది. రాలేదు వాన.

నవంబర్ 11, బుధవారం

మొదలైంది.

పొద్దున్నే చేపలు పట్టే బకోవా వచ్చి గుమ్మం ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. సముద్రం సంగతి మాట్లాడాడు. వాళ్ళావిడ మోకాలి నొప్పి సంగతి మాట్లాడాడు. తర్వాత నా సైకిల్ వంక ప్రేమగా చూశాడు.

"విమానంలో సైకిల్ పట్టదు కదా నేయ్ ఇరిటా?"

"పట్టదు."

"అయితే నేను బుబుసి చేస్తున్నాను."

ఇంకా నెల రోజులు ఆ సైకిల్ మీదే కదా నేను బడికి పోవాలి! అలాగని నవ్వు మొహం తప్ప ఇంకో మొహం పెట్టకూడదు. "దానికేం, తీసుకో" అన్నాను. వెళ్ళే రోజు తీసుకుంటాడేమో అనుకున్నా. నా మొహం. ఎక్కి, గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

రెండు మైళ్ళు నడిచి బడికి వెళ్ళాను. దారిలో బకోవా ఎదురొచ్చి, చెయ్యి ఊపి, వెనక బ్రేకు కాస్త పట్టేస్తోందని నాకు ఫిర్యాదు చేశాడు.

నవంబర్ 14, శనివారం

వాల్టర్‌కి జవాబు రాశాను. బుబుసి అంటే ఏమిటో వాడికి అర్థమయ్యేలా చెప్పబోయి మూడు కాగితాలు పాడుచేశాను. "ఇక్కడ ఎవరైనా బుబుసి అని నోరు తెరిచి అడిగితే ఇచ్చి తీరాలి. కాదన్నవాడు ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. అడిగినవాడికి సిగ్గు లేదు, కాదన్నవాడికే సిగ్గు" అని రాశాను. చదివి "పోలీసులకి చెప్పావా?" అంటాడు. అదంతా కొట్టేసి, కర్టెన్లు ఏ రంగువైనా ఫరవాలేదని రాశాను.

ఈ వారం నా కెటిల్ పోయింది. మంచం పోయింది. దోమతెర, రెండు దూది దిళ్ళు, మా అమ్మ ఇచ్చిన కేకు డబ్బా కూడా పోయాయి. డబ్బా పట్టుకెళ్ళినావిడెవరో నాకు తెలియను కూడా తెలియదు. దీవి ఆ చివర్నుంచి వచ్చిందట. మూత కూడా అడిగి మరీ తీసుకుంది.

"వెళ్ళేదాకా ఉంచుకోండి" అని పక్కింటి ఆరోయిటా మంచం గురించి అంది. ఆరోయిటాకి మొగుడు లేడు, మూడు పందులున్నాయి, నోటికి తాళం లేదు. "అక్కర్లేదు, ఇప్పుడే పట్టుకుపో" అన్నాను. నాకూ రోషం ఉంది.

ఉండమని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. హమ్మయ్య.

నవంబర్ 18, బుధవారం

అడిగినప్పుడు తడబడకూడదని ఇవాళ జవాబు తయారుచేసుకున్నాను. "మీ అభిమానానికి నా గుండె నిండిపోయింది. కానీ మా అన్నయ్య ఎదురుచూస్తున్నాడు, కర్టెన్లు కూడా కొనేశాడు..." ఇంట్లో వినేవాళ్ళు లేరు కనక కోడికి వినిపించాను. మొదటిసారి మరీ కఠినంగా వచ్చింది. రెండోసారి కర్టెన్ల దగ్గర నవ్వొచ్చింది. మూడోసారి చెప్పేటప్పటికి, చిత్రం, నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోడి మాత్రం రెక్కల కింద గోక్కుంది.

మంచి ఉపన్యాసమే. అడిగేవాళ్ళే రావాలి.

నవంబర్ 20, శుక్రవారం

వచ్చింది! హెడ్మిస్ట్రెస్ టెరేసియా సాయంత్రం నాలుగింటికి, చర్చికి కట్టుకునే బట్టలు కట్టుకుని, చేతిలో పూలదండ పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఊరికే ఎవరైనా అలా వస్తారా?

చాప వేశాను. దండ నా తలకి చుట్టింది. కొబ్బరినీళ్ళిచ్చాను. తాగింది. పద్నాలుగేళ్ళ కిందట నేను పడవ దిగగానే బొక్కబోర్లా పడ్డ సంగతి గుర్తుచేసింది. ఇద్దరం నవ్వుకున్నాం. నా పాఠం విని ఇంజనీరైనవాడి సంగతి చెప్పింది. ఉపన్యాసం మొదటి వాక్యం మనసులో అప్పజెప్పుకున్నాను.

"నేయ్ ఇరిటా, ఒక మాట అడగనా? ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకుంటున్నాను" అంది.

"అడగండి."

"మొహమాటంగా ఉంది."

"మన మధ్య మొహమాటమేమిటి టెరేసియా గారూ, అడగండి!"

"మీ నల్లగొడుగు బుబుసి చేస్తున్నాను."

ఇచ్చాను. విప్పి చూసుకుంది. "కర్ర ఎంత నునుపుగా ఉందో" అంటూ ఆ పిడి రెండు చేతులా పట్టుకుని అలాగే చాలాసేపు కూర్చుంది. తర్వాత ముక్కు చీదుకుని వెళ్ళిపోయింది. వీళ్ళ దుంప తెగ! నేను పోతున్నానంటే గొడుగు గుర్తొచ్చిందా ఈవిడకి?

దండ తీసి కోడి మీదకి విసిరాను. తినేసింది.

నవంబర్ 24, మంగళవారం

చాప మీద పడుకుంటే నడుముకి మంచిదట. ఎవరన్నారో వాళ్ళ నడుం విరగ.

నవంబర్ 27, శుక్రవారం

పరీక్ష పేపర్లు దిద్దాలి. కళ్ళజోడు లేదు.

సోమవారం టెబానో తాత బుబుసి చేశాడు. ఎనభై దాటిన మనిషి, ఊరి పెద్దల్లోకెల్లా పెద్ద. నా కళ్ళజోడు పెట్టుకుని, పదేళ్ళ తర్వాత తన కాలి గోళ్ళు తనకి కనపడ్డాయని ఒకటే సంబరం. ఏమనగలను? నా దగ్గరున్న ఇంకో జోడుకి అద్దం మీద పెద్ద గీత. దాంతో చూస్తే ప్రతి లెక్కా తప్పులాగే ఉంటుంది.

అందుకని రోజూ మధ్యాహ్నం పేపర్ల కట్ట పట్టుకుని తాత ఇంటికే పోతున్నాను. అడగడం లేదు, మొహం మీంచి తీసేసుకుంటున్నాను. ఆయన నా భుజం మీదుగా తొంగిచూస్తుంటాడు.

"ఈ పిల్ల ఎవరు అమ్మాయ్?"

"మీ తమ్ముడి మనవరాలు."

"ఎన్నొచ్చాయి?"

"నలభై ఒకటి."

"నలభై ఒకటా? దాని మొహం చూస్తే అరవైకి తక్కువ ఉండదే!"

"మొహానికి మార్కులు వెయ్యను తాతా."

"మరి ఆ బకోవా కొడుక్కి యాభై రెండెందుకు వేశావు? మొహానికి కూడా వెయ్యక్కర్లేదు వాడికి."

రోజుకి పది పేపర్ల కంటే సాగడం లేదు. మధ్యలో కళ్ళజోడు తిరిగి ఇవ్వాలి, ఆయన సముద్రంలో పడవలు లెక్కపెట్టుకోవాలి కనక. ఉన్న పడవలు రెండే.

ఇవాళ అడిగేశాను, ఊరికే, మాటల్లో పెట్టి. "నేను వెళ్ళాక లెక్కలు ఎవరు చెప్తారు తాతా?"

ఆయన సముద్రం వైపు తిరిగాడు. తర్వాత "పడవ మూడోదొచ్చింది" అన్నాడు. అటు చూస్తే సముద్రంలో ఏ పడవా లేదు.

డిసెంబర్ 2, బుధవారం

కోడిని కూడా అడిగారు.

ఆరోయిటా వచ్చి, కోడిని చంకలో పెట్టుకుని పోయింది. నాకు మాత్రం గుడ్డు అక్కర్లేదా, తోడు అక్కర్లేదా అని కూడా అనిపించలేదు ఆవిడకి. నేనేం ఏడవలేదు. కంట్లో ఇసుక పడింది, అంతే.

సాయంత్రానికి కోడి తిరిగొచ్చేసింది. దానికి బుబుసి నియమాలు తెలియవు. తీసుకెళ్ళి ఇచ్చాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి ఆరోయిటా కంచె దగ్గరే నిలబడి "ఉండనివ్వండి, వచ్చే శుక్రవారం మీరు వెళ్ళాక వస్తుందిలే" అంది.

చూడు, కోడి ఉండటానికైతే ఆవిడకేం అభ్యంతరం లేదు!

డిసెంబర్ 5, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

పొద్దున్న ఆరోయిటా మళ్ళీ వచ్చింది. ఇల్లంతా బోడిగా ఉంది. నాలుగు గోడలు, ఒక చాప, ఒక పెట్టె, నేను. అటూ ఇటూ చూసి, గోడకున్న మేకు చూపించి "ఆ మేకు..." అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"తీసుకో! మేకు తీసుకో, గోడ తీసుకో! సైకిల్ అడిగారు, మంచం అడిగారు, మొహం మీది కళ్ళజోడు అడిగారు! నాకు తెలియక అడుగుతాను, నేనేం పాపం చేశాను మీకు? ఇన్ని అడిగినవాళ్ళు, ఒక్కరంటే ఒక్కరు నన్ను ఉండమని అడిగారా?"

ఆరోయిటా రెండు చేతులతో చెవులు మూసుకుంది. "పంది! పంది!" అని అరుస్తూ బయటికి పరుగెత్తింది.

నేను వెంటపడ్డాను. ఎవర్ని పట్టుకుని పంది అంటోంది? కంచె దగ్గర ఆవిడ లుంగీ అంచు దొరకబుచ్చుకున్నాను. కింద కూలబడి, రొప్పుతూ, అంతా కక్కేసింది.

సెప్టెంబర్‌లోనే ఊరంతా మనేయబాలో, ఊరి సభలు జరిగే ఆ పెద్ద కప్పు కింద, కూర్చుని తీర్మానం చేసిందట. నేయ్ ఇరిటాని ఉండమని ఎవరూ అడగకూడదు. అడిగినవాళ్ళు ఊరికి ఒక పంది జరిమానా కట్టాలి.

"ఎందుకు?" అన్నాను.

"ఎందుకేమిటి? అడిగితే మీరు కాదనలేరు కదా! అక్కడ మీకు తోడబుట్టినవాడున్నాడు, గది ఉంది. కాదనలేని మనిషిని పట్టుకుని ఉండిపొమ్మని అడగడం దొంగతనం కాదూ? టెరేసియా గారు రెండుసార్లు ఏడ్చింది సభలో. పంది పోతే పోయింది, నేను అడుగుతానంది. టెబానో తాత ఒప్పుకోలేదు."

"మరి ఈ సామానంతా?"

"మనిషిని అడక్కూడదన్నారు. సామాను అడక్కూడదనలేదు కదా? మీది ఏదో ఒకటి ఇంట్లో ఉంటే చాలని..." ముక్కు తుడుచుకుంది. "బకోవా మాత్రం సైకిల్ కోసమే అడిగాడు. వాడి సంగతి వదిలెయ్యండి."

ఆవిడే మళ్ళీ అంది.

"మీ సంగతీ చెప్పుకోవాలి. పద్నాలుగేళ్ళయింది, ఒక్కసారైనా మమ్మల్ని ఏదైనా అడిగారా? ఉప్పు నిండుకున్నా టరావా నుంచి తెప్పించుకుంటారు. పక్కింట్లో నేను లేనా? మీకు మేం అక్కర్లేదు కాబోలనుకున్నాం."

నేనేమో ఇన్నాళ్ళూ అదే నా మర్యాద అనుకున్నాను. ఇంకొకర్ని ఇబ్బంది పెట్టని దాన్నని ఎంత మురిసిపోయానో!

మేకు పీకి ఆవిడకిచ్చాను.

డిసెంబర్ 6, ఆదివారం

చర్చిలో పాట మొదలుపెడితే గొంతు పెగల్లేదు. జలుబు.

డిసెంబర్ 8, మంగళవారం

గురువారం నాకు వీడ్కోలు విందు. మాట్లాడాలి. రెండు పేజీలు రాశాను. అందరికీ కృతజ్ఞతలు, పిల్లలు బాగా చదువుకోవాలి, వెళ్ళొస్తాను. ఆ చివరి మాట మూడుసార్లు కొట్టేసి మళ్ళీ మూడుసార్లు రాశాను. కాగితం చిరిగింది.

డిసెంబర్ 11, శుక్రవారం

విమానం వచ్చింది, వెళ్ళింది. నా సీట్లో బకోవా వాళ్ళ పెద్దత్త వెళ్ళింది. టరావాలో పంటి డాక్టరుకి చూపించుకుంటుందట.

నిన్న మధ్యాహ్నం మనేయబా నిండిపోయింది. ఆడపిల్లలు నాట్యం చేశారు. వాళ్ళ మెడల మీద పౌడరు చల్లాలి, అది మర్యాద. చల్లాను. తిరిగి వాళ్ళు నా మీద చల్లారు. ఎవరో సెంటు కొట్టారు, సూటిగా నా నోట్లోకి. తుమ్ములు, దగ్గులు, కన్నీళ్ళు, నెత్తిన పౌడరు. ఈ అవతారంతో నన్ను మాట్లాడమన్నారు.

కాగితం తీశాను. కళ్ళజోడు టెబానో తాత మొహం మీద ఉంది. ఒక్క అక్షరం కనపడలేదు. మడిచి లోపల పెట్టేశాను.

"నేను బుబుసి చేస్తున్నాను" అన్నాను.

ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. నంజుకుంటున్న చేపముక్క ఎవరిదో చేతిలోనే ఉండిపోయింది.

"పద్నాలుగేళ్ళలో మిమ్మల్ని ఏమీ అడగలేదు. అడగడం చేతకాక అడగలేదు. ఇప్పుడు ఒక్కటి అడుగుతున్నాను. నన్ను పంపించెయ్యకండి. నాకు పోవాలని లేదు. ఎప్పుడూ లేదు. నన్ను ఇక్కడ ఉండనివ్వండి."

కోడికి చెప్పిన ఉపన్యాసంలో ఇందులో ఒక్క ముక్కా లేదు.

టెబానో తాత గొంతు సవరించుకున్నాడు.

"అడిగింది. కాదనడానికి మనకి వీల్లేదు" అన్నాడు. తర్వాత, నాతో మాత్రం, "ఇంత ఆలస్యమా అమ్మాయ్? నేను చచ్చాక అడుగుదామనుకున్నావా?" అన్నాడు.

టెరేసియా రవిక లోంచి ఒక కవరు తీసింది. నన్ను ఉంచమని టరావాకి ఉత్తరం, సంతకంతో సహా. సెప్టెంబర్‌లోనే రాసి పెట్టుకుందట, తారీఖు ఒక్కటే వెయ్యలేదు. చెమటకి సిరా సగం అలుక్కుపోయింది. అక్కడే తారీఖు వేసి, నన్ను కౌగిలించుకుని, పౌడరంతా తన నల్లబట్టలకి పూసుకుంది. అప్పుడు లేచింది గోల. అరుపులు, చప్పట్లు, ఏడుపులు. ఆరోయిటా నా వీపు మీద ఎంత గట్టిగా చరిచిందంటే మళ్ళీ దగ్గొచ్చింది.

ఈ సందట్లో బకోవా లేచి నిలబడ్డాడు.

"అంతా బాగానే ఉంది. పంది సంగతేమిటి?"

అందరూ వాడి వైపు తిరిగారు.

"తీర్మానం తీర్మానమే కదా! నేయ్ ఇరిటా ఉండాలని ఎవరు అడిగినా ఒక పంది అనుకున్నాం. ఆవిడే అడిగింది. అడగలేదా?"

దీని మీద గంటసేపు వాదించుకున్నారు, ఏదో యుద్ధమో సంధో అన్నట్టు. ఎవరి గురించి వాళ్ళు అడిగితే అది లెక్కలోకి వస్తుందా రాదా? వస్తుందని కొందరు, రాదని కొందరు. చివరికి ఆరోయిటా నా పక్షాన లేచి, పాయింటు దొరికిందన్నట్టు చెయ్యెత్తింది.

"ఇమటాంగ్‌కి జరిమానా వెయ్యం కదా! పరాయి దేశంవాళ్ళు, వాళ్ళకేం తెలుసు మన కట్టుబాట్లు? ఇంతవరకు ఏ ఇమటాంగ్‌కైనా వేశామా? వెయ్యలేదు!"

నిజమే అని అందరూ తలలాడించారు. బకోవా మొహం వేలాడేశాడు.

టెబానో తాత నా కళ్ళజోడు తీసి, లుంగీకి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మనేయబా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చాడు. నా మొహమూ చూశాడు. ముందుకు పోయాడు.

"ఇమటాంగా? ఎవరున్నారిక్కడ ఇమటాంగ్?" అన్నాడు.

అందరూ వెనక్కి తిరిగి వెతికారు. నేను కూడా వెనక్కి తిరిగి చూశాను.

జరిమానా ఖాయమైంది. ఒక పంది, నాలుగు రోజుల్లో కట్టాలి.

నాకు పంది లేదు. సైకిల్ లేదు, మంచం లేదు, కెటిల్ కూడా లేదు. తిరిగిస్తారా అంటే, ఇచ్చింది ఇచ్చిందే కదా అన్నారు, అదేదో నాకు ముందే తెలియాల్సినట్టు. వాల్టర్‌కి ఉత్తరం రాయాలి. కర్టెన్లు తనకే ఉంచుకోమని, నా మీద కోపం రావద్దని, ఒక్కసారి వచ్చి చూసిపొమ్మని.

అది మధ్యాహ్నం చూసుకుంటాను. ముందు ఆరోయిటా ఇంటికి వెళ్ళాలి. ఆవిడకి మూడు పందులున్నాయి. అందులో మచ్చలది బాగా బలిసి ఉంది.

వెళ్ళి గుమ్మం ముందు కూర్చుంటాను. సముద్రం సంగతి కాసేపు మాట్లాడతాను. తర్వాత అడుగుతాను.